నేను దాచిన వీర్యపరీక్ష రిపోర్టు

నాకు ఒంట్లో ఎక్కడా నొప్పి లేదు. జ్వరం లేదు, నీరసం లేదు. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళంతా మొదటి లక్షణంతో మొదలుపెడతారు. నా జబ్బుకు మొదటి లక్షణం ఏమిటంటే, నా భార్యకు ఆపరేషన్ చేశారు.

అది 2005 వానాకాలం. అనకాపల్లిలో ఒక లేడీ డాక్టరుగారి నర్సింగ్ హోములో సత్యవతికి లాపరోస్కోపీ అయింది. మా పెళ్ళయి అప్పటికి నాలుగేళ్ళు. అంతకుముందే స్కానింగులు, రక్తపరీక్షలు, ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే అన్నీ అయ్యాయి. ఆ ఎక్స్‌రే రోజున ఆమె బల్ల అంచు పట్టుకుని ఏడ్చిందని నర్సు నాతో అంది. ఆ సమయానికి నేను బయట వ్యానులో కూర్చుని ఫోన్లో చేపల బేరం ఆడుతున్నాను.

మాది పూడిమడక. తాతల నాటి నుంచి సముద్రం మీద బతుకు. నాన్న పోయాక నేను వేట మానేసి, ఊళ్ళో పడవల మీద దిగిన చేప కొని, పొద్దున్నే వ్యానులో అనకాపల్లి మార్కెట్టుకు తెచ్చి అమ్మే పని పెట్టుకున్నాను. ఇంటరు దాకా చదివాను, పాసవలేదు. సత్యవతి మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను బావా అనే పిలుస్తుంది. ఇంట్లో మేమిద్దరం, మా అమ్మ.

ఆపరేషన్ అయ్యాక డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. ఫైలు ముందు వేసుకుని ఒక్కొక్క కాగితమే తిప్పారు.

"ట్యూబులు బాగున్నాయి. గర్భసంచి బాగుంది. ఓవరీస్ బాగున్నాయి. ఇంత ఫైలులో ఒక్కటి మాత్రం లేదు. మీ రిపోర్టేదీ?"

"నాదేటి రిపోర్టు మేడమ్?"

"సెమెన్ ఎనాలిసిస్. ఇన్నేళ్ళలో ఎవరూ రాయలేదా?"

రాశారు. అంతకుముందు చూపించిన ఇద్దరు డాక్టర్లూ రాశారు. నేనే వెళ్ళలేదు. "నాకేటయింది, దుక్కలా ఉన్నాను కదా" అనేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నాలుగేళ్ళూ ఆమెనే డాక్టర్ల చుట్టూ తిప్పాను. ఆ రోజు ఆ గదిలో మాత్రం పరీక్ష చీటీ అడిగి తీసుకున్నాను. ఏదో తేడాగా ఉందని నాకు అనిపించిన రోజు అదే.

ల్యాబులో ఆ పనికి వేరే గది లేదు. అందరూ వాడే బాత్రూమే. బయట మూత్రం డబ్బాలు పట్టుకుని ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. ఇరవై నిమిషాలు లోపల నిలబడి, ఖాళీ డబ్బాతో తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ల్యాబాయన నా మొహం చూసి, "ఇంటి దగ్గర తీసి గంటలోపు తెచ్చేయండి, ఆలస్యమైతే పాడైపోతుంది" అన్నాడు. పూడిమడక నుంచి గంటలో ఎలా రాగలనని అడగడానికి సిగ్గేసింది.

ఇక్కడ నేను చేసిన తెలివైన పని చెప్పాలి. మా ఇళ్ళల్లో పాడవకూడనిది ఏదైనా ఐసులోకే పోతుంది. చేప, రొయ్య, ఆఖరికి అమ్మ కంటిచుక్కల సీసా కూడా. పాడవకుండా చూడడం నా వృత్తి. ఈ ల్యాబాయన నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. మర్నాడు పొద్దున్న డబ్బాను పాలిథిన్ సంచిలో చుట్టి, కోనాం చేపల పెట్టెలో ఐసు ముక్కల మధ్య పెట్టాను. మార్కెట్టులో పెట్టెలు దించాక తీసి, చేపవాసన కొడుతుందని సబ్బుతో కడిగి, తుడిచి, చొక్కా జేబులో వేసుకుని ల్యాబులో ఇచ్చాను. "ఎంతసేపయింది?" అని అడిగాడు. "ఇప్పుడే" అన్నాను.

రిపోర్టులో కౌంట్ ఉంది. మోటిలిటీ అన్న చోట సున్నా. కింద ఇంగ్లీషులో మళ్ళీ పరీక్ష చేయించమని ఒక వాక్యం.

"సున్నా అంటే ఏటి మేడమ్?"

"కదలడం లేదని. కదలకపోతే గుడ్డు దాకా వెళ్ళలేవు. కానీ ఒక్క రిపోర్టుతో మేం ఏదీ తేల్చం. మూడు వారాలాగి మళ్ళీ ఇవ్వండి. సత్యవతిని కూడా తీసుకురండి, ఇద్దరితో మాట్లాడతాను."

నేను మళ్ళీ వెళ్ళలేదు. రిపోర్టు మడిచి, వ్యాను ఇన్సూరెన్సు కాగితాలుండే కవరులో పెట్టాను. ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోని చోటు అదొక్కటే.

"ఏటన్నారు బావా?" అని సత్యవతి గుమ్మంలోనే అడిగింది.

"బాగానే ఉందంట. నువ్వే మందులు మానకుండా ఏసుకోవాలంట."

ఈ వాక్యం ఇక్కడ రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. రాసి రెండుసార్లు కొట్టేశాను కూడా.

ఆమె మందులు మానకుండా వేసుకుంది. అవి వేసుకుంటే కడుపులో తిప్పేది, మొహం ఉబ్బేది. అమ్మ మాత్రం ఒడ్డున ఎండుచేప తిరగేస్తూ పక్కవాళ్ళతో అనేది, "నా తమ్ముడి కూతురని ఏరి తెచ్చుకున్నాను. ఇలాగవుతాదని తెలిస్తే తెద్దునా?" సత్యవతికి వినపడేలాగే అనేది. నేను దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకునేవాణ్ణి. నాలోవి చచ్చినవని నాకొక్కడికే తెలుసు. మగవాడికి అంతకన్నా చెప్పుకోలేని మాట మా ఊళ్ళో లేదు. పడవ మునిగిందని చెప్పుకోవచ్చు, అది మాత్రం చెప్పుకోలేం.

ఎనిమిది నెలల తర్వాత ఒక ఉదయం నేను చద్దన్నం తింటుంటే సత్యవతి ఎదురుగా వచ్చి కూర్చుంది. చేతిలో సన్నటి ప్లాస్టిక్ ముక్క ఉంది.

"బావా, రెండు గీతలొచ్చేయి. నిన్నా సూసేను, ఇయ్యాలా సూసేను. రెండే."

ఆమె మొహం అలా వెలగడం పెళ్ళి తర్వాత నేను చూడలేదు. నాకు మాత్రం కళ్ళ ముందు ఆ సున్నా ఒక్కటే కనిపించింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నేను జారడం కూడా కాదు, ఆలోచించుకునే అన్నాను.

"ఎవరిది?"

"ఏటన్నావు?"

"నీకినపడింది."

ఆమె ఆ ప్లాస్టిక్ ముక్కను కింద పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. "నీకేదో అయింది బావా. ఏటయిందో సెప్పు" అంది. నేను చెయ్యి కడుక్కుని వ్యానెక్కాను. అప్పుడైనా ఆ కాగితం తీసి చూపించి ఉంటే, చదువుకున్న పిల్ల, కింద ఉన్న వాక్యం చదివేది.

తర్వాతి వారాల్లో మేం మాట్లాడుకోలేదు. స్కానింగుకు ఆమె ఒక్కతే బస్సులో అనకాపల్లి వచ్చి వెళ్ళింది. అదే బజారులో నేను చేప అమ్ముతున్నాను. నేనన్న మాట తల్లికి గానీ తమ్ముడికి గానీ చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. పదో వారంలో, ఆమె ఒడ్డు మీద ఉండగా బ్లీడింగ్ మొదలైంది. పక్కింటివాళ్ళు ఆటో కట్టించి పంపారు. మార్కెట్టులో చేపల వేలంపాట జరుగుతుండగా నా ఫోను రెండుసార్లు మోగింది. ఇంటి నంబరు చూశాను. ఎత్తలేదు.

నేను వెళ్ళేసరికి గర్భం పోయింది, లోపల శుభ్రం చేసే డీ అండ్ సీ కూడా అయిపోయింది. డాక్టరుగారు పిలిస్తే వెళ్ళి, కవరులోంచి రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాను. నా దగ్గర సాక్ష్యం ఉందన్న పొగరుతోనే పెట్టాను.

"రిపీట్ ఎందుకివ్వలేదు?" అన్నారామె.

"మళ్ళీ ఇత్తే మారిపోతాదా మేడమ్?"

"శాంపిల్ ఎక్కడ తీశారు?"

"ఇంటికాడ."

"పూడిమడక నుంచి ఎలా తెచ్చారు?"

"పాడవకుండా ఐసు పెట్టెలో."

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వీర్యకణాలకు చలి తగిలితే కదలడం ఆగిపోతుంది అప్పలరాజుగారూ. ఒంటి వేడి మీద తేవాలి. అవి చచ్చినవి కావు, మీరే చంపి తెచ్చారు."

మూడో రోజు అక్కడే, నర్సుల గదిలో మళ్ళీ శాంపిల్ ఇచ్చాను. గోడకు అవతల సత్యవతి పడుకుని ఉంది. ఈసారి రిపోర్టులో కౌంట్ కొంచెం తక్కువ, మోటిలిటీ తక్కువ, కానీ ఉన్నాయి. కదులుతున్నాయి. "ఆ గర్భం మీది కాదనడానికి ఈ ఫైలులో ఒక్క కారణం లేదు" అన్నారు డాక్టరుగారు. సత్యవతిని నేనడిగిన మాట ఆమెకు నేను చెప్పలేదు. నా మొహం చూసే అర్థమై ఉంటుంది.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని సత్యవతికి అంతా చెప్పాను. రిపోర్టు, ఐసు, అబద్ధం. ఆమె గోడవైపు తిరిగి పడుకుని వింది.

"బాగున్న మనిషికి ఎనిమిది నెల్లు మందులు మింగిచ్చేవు" అంది. అంతే అంది.

అక్కడి నుంచే పుట్టింటికి వెళ్ళింది. అదీ మా ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. మూడు నెలలు రోజూ ఆ గుమ్మం ముందు నుంచే వ్యాను తీశాను. తర్వాత ఒకరోజు తనే సంచి పట్టుకుని వచ్చింది. సంతోషంతో ఏదో అనబోయాను. "నాకు పిల్లలు గావాల బావా. అందుకొచ్చేను" అని లోపలికి వెళ్ళిపోయింది.

2007లో మళ్ళీ నెల తప్పింది. ఈసారి ప్రతి స్కానింగుకూ నేనే తీసుకెళ్ళాను, ఆ రోజుల్లో మార్కెట్టుకు వెళ్ళలేదు. ఏడో వారంలో గుండె కొట్టుకోవడం చూపించారు. తెర మీద చిన్న మిణుకు. తొమ్మిదో వారంలో చూస్తే ఆ మిణుకు లేదు. డాక్టరుగారు మిషను అటూ ఇటూ జరిపి చాలాసేపు చూశారు. సత్యవతి అడగలేదు, నేనే అడిగాను. "లేదు" అన్నారు.

మాది మేనరికం కాబట్టి ఇద్దరికీ క్రోమోజోముల పరీక్ష చేయించారు. రెండూ నార్మల్. ఆమెకు థైరాయిడ్, షుగరు, ఇంకేవేవో చూశారు. అన్నీ నార్మల్. బాగున్నాయని వింటుంటే ఏడుపొస్తుందని అప్పుడే తెలిసింది. ఏదో ఒకటి చెడిందని చెబితే దాన్ని పట్టుకుని ఏడ్చుకోవచ్చు కదా. ఆఖరికి డాక్టరుగారు ఒక చీటీ రాసిచ్చారు. "విశాఖపట్నంలో ఒక స్టడీ జరుగుతోంది. గర్భం ఎందుకు నిలవడం లేదో మగవాళ్ళ వైపు నుంచి చూస్తున్నారు. వైద్యం కాదు, రీసెర్చ్. ఇష్టమైతే వెళ్ళండి."

అక్కడ శాంపిల్ కోసం ఒక గది ఉంది, తలుపుకు లోపలి నుంచి గడియ ఉంది. స్టడీ చూసే మేడమ్ నాకన్నా చిన్నది. కాగితాలు తెలుగులో చదివి వినిపించి, నేను అడిగినవాటికి విసుక్కోకుండా చెప్పింది.

"కౌంట్, మోటిలిటీ మైక్రోస్కోపులో కనిపిస్తాయి. మేం చూసేవి అలా కనిపించవు. వీర్యకణంలో డీఎన్ఏ ఉంటుంది. దాని మీద అక్కడక్కడా చిన్న రసాయనపు గుర్తులుంటాయి. మిథైలేషన్ అంటాం. ఏ జీన్ పనిచేయాలో, ఏది ఊరుకోవాలో ఆ గుర్తులను బట్టి ఉంటుంది. డీఎన్ఏ బాగానే ఉండి, గుర్తులు మాత్రం తప్పుగా ఉంటే ఏమవుతుందో తెలుసుకోవాలని కొలుస్తున్నాం. వీటిని ఎపిజెనెటిక్ మార్కర్స్ అంటారు."

"మా పెట్టెల మీద రంగుగీతలుంటాయి మేడమ్" అన్నాను. "ఒక గీతయితే అనకాపల్లి, రెండయితే ఎగుమతికి. లోపల సరుకు మంచిదే అయినా గీత తప్పయితే పెట్టె తప్పుడు సోటికి ఎల్లిపోతాది. అలాంటిదా?"

"దాదాపు అలాంటిదే" అని నవ్వింది.

చుట్ట కాలుస్తానా, సారా తాగుతానా, ఈ మధ్య పెద్ద జ్వరం వచ్చిందా, వ్యానులో ఇంజను వేడి ఎంతసేపు తగులుతుంది, అన్నీ రాసుకున్నారు. చుట్ట మానమన్నారు, మానేశాను. కొన్ని నెలల తేడాతో మూడుసార్లు శాంపిల్ ఇచ్చాను. మొదటిసారి ఇచ్చినప్పుడు డబ్బాను కొంతసేపు వెచ్చటి పెట్టెలో ఉంచి చూశారు. తర్వాత కొంత భాగం తీసి సన్నటి గొట్టాల్లో పోసి, తెల్లటి పొగలు కక్కే నైట్రోజన్ డ్రమ్ములోకి దించారు. దాని చలి ముందు ఐసు ఎందుకూ పనికిరాదట.

"మరి సచ్చిపోవా మేడమ్?"

"చనిపోయినా ఫరవాలేదు. గుర్తులు చలికి చెరగవు. మాకు కావలసింది ప్రాణం కాదు కదా."

ఆ డ్రమ్ము దగ్గర నిలబడి నేను నవ్వాను. వాళ్ళకు ఎందుకో అర్థం కాలేదు. డీఎన్ఏను అక్షరాల వరసలా చదువుతారట. దానికి ఒక మందు పట్టిస్తే గుర్తు లేని చోట అక్షరం మారుతుందట, గుర్తున్న చోట మారదట. మారినవి, మారనివి చూసి లెక్క కడతారు. ఇదంతా నేను శ్రద్ధగా నేర్చుకున్నాను. ఎందుకంటే నాకు అక్కడి నుంచి ఒక కాగితం కావాలి. లోపం నాదని ముద్ర వేసి ఉన్న కాగితం. దాన్ని ఇంట్లో పెట్టి, సత్యవతి మీద పడ్డ మాట తీసేయాలని.

2009 మొదట్లో అడిగేశాను. "నా రిపోర్టు ఎప్పుడిత్తారు మేడమ్?"

"ఇవ్వం. మొదటి రోజే కాగితాల్లో చదివి వినిపించాం కదా. శాంపిల్ మీద మీ పేరు కూడా ఉండదు, కోడ్ నంబరే. మీలాంటివాళ్ళ గ్రూపులో కొన్ని చోట్ల గుర్తులు తేడాగా కనిపిస్తున్నాయి. కానీ ఒక మనిషిని పట్టుకుని, నీకు పిల్లలు నిలవకపోవడానికి ఇదే కారణం అనే దాకా ఈ పరీక్ష రాలేదు."

"ఒక్క ముక్క రాసియ్యండి. లోపం దానిది కాదని."

"నాకే తెలియనిది ఎలా రాయను?" మళ్ళీ తనే అడిగింది, "ఆ కాగితం ఎవరికి చూపించాలి?"

"మా అమ్మకి."

"అమ్మగారు చదువుతారా?"

"సదవదు."

"మరి కాగితం దేనికి?"

లేచి వచ్చేశాను. ఆ పిల్ల మీద కోపం కూడా వచ్చింది. బస్సులో కూర్చున్నాక, కోపం రావలసింది ఎవరి మీదో తెలిసింది.

ఆ వేసవి వేట నిషేధం అయ్యాక సత్యవతి తమ్ముడు కొత్త ఫైబర్ పడవ దించాడు. మాలో పడవ దించేటప్పుడు ముత్తైదువలు పడవ ముక్కుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతి ఇచ్చి గంగమ్మకు మొక్కుతారు. సొంత తమ్ముడి పడవ కాబట్టి సత్యవతి పళ్ళెం పట్టుకుని ముందు నిలబడింది. అమ్మ వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు ఎనక్కుండు సత్తీ. పిల్లలున్నోల్లు ఎడతారు బొట్టు."

కసిరినట్టు కాదు, మామూలుగానే అంది. సత్యవతి కూడా మామూలుగానే వెనక్కి అడుగు వేసింది. ఆ అడుగు చూశాక నేను ఆగలేకపోయాను.

"అమ్మా, దాన్ననకు. టెస్టు నాకు సేసేరు. బాగోలేదని నాకే రాసేరు. నాలుగేల్ల కిందటే. ఆ కాగితం దాసేసి మీకందరికీ అబద్దం సెప్పేను. దాన్లో తప్పుందని ఇప్పటికీ ఏ డాక్టరూ అన్నేదు."

ఒడ్డు మీద అందరూ విన్నారు. "నోర్ముయ్యి. మొగోడివి, పదిమందిలో ఏటా మాటలు" అంది అమ్మ. మా బావమరిది తల వంచుకుని పడవ తాడు సవరిస్తున్నాడు. సత్యవతి పళ్ళెం తన తల్లి చేతికిచ్చి ఇంటిదారి పట్టింది. నేను వెనకాలే వెళ్ళాను. నిజం చెప్పాలంటే, ఒక మంచి మాట వస్తుందని ఆశపడ్డాను.

"ఇప్పటికి సెప్పేవు" అంది గుమ్మంలో కూర్చుని. "నా కడుపులో పోయినోల్ల మాట ఒడ్డు మీద మాటాడే ముందు నన్నొకసారి అడగాలని నీకు అనిపించనేదా?"

అనిపించలేదు. ఆ సంగతి ఆమె అడిగేదాకా నాకు తట్టనేలేదు.

"ఒక్క మాట మట్టుకు సెప్పకుండా ఉంచేవు. ఆ రోజు నువ్వు నన్నడిగింది."

"అదీ సెప్తాను. ఇప్పుడే ఎల్లి సెప్తాను."

"వద్దు. అది నాకాడే ఉంటాది."

ఇది రాసేనాటికి ఆ మాటై ఆరు నెలలు. మాకు పిల్లలు లేరు. డాక్టరుగారు ఇంకోసారి ప్రయత్నించవచ్చని అన్నారు గానీ సత్యవతి ఇంకా ఏమీ అనలేదు, నేను అడగలేదు. స్టడీవాళ్ళు ఇంకో శాంపిల్ కావాలంటే వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఎప్పటికో ఇంకెవరికో పనికి రావచ్చు. అమ్మ సత్యవతిని ఏమీ అనడం లేదు, నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. సత్యవతి అన్నం పెడుతుంది, లెక్కలు చూస్తుంది, బావా అనే పిలుస్తుంది. అప్పుడప్పుడు నేను ఏదైనా చెబుతుంటే నా మొహంలోకి ఒక క్షణం చూస్తుంది, ఇది నిజమా కాదా అని. ఆ చూపు నాకు జీవితాంతం ఉంటుందనుకుంటున్నాను. తప్పని కూడా అనుకోవడం లేదు.

చదివేవాళ్ళకు ఒకటే చెబుతాను. మగవాడు పరీక్ష చేయించుకోవాలని ఎలాగూ మీ డాక్టరు చెబుతారు, చేయించుకోండి. కానీ రిపోర్టు తీసుకోవడానికి ఒక్కరే వెళ్ళకండి. భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని, ఒకేసారి, డాక్టరు నోటి నుంచే వినండి. మూడు వారాలాగి సత్యవతిని కూడా తీసుకురమ్మని మా డాక్టరుగారు నాకు చెప్పారు. నేను తీసుకెళ్ళలేదు.